ఈగ వాలిన చోటు

పదకొండు దాటి పది నిమిషాలైంది. ఆస్పత్రి మూడో అంతస్తులో కాపలావాడు కుర్చీలో కూర్చునే చచ్చిపోయి ఉన్నాడు. గొంతు ఈ చెవి నుంచి ఆ చెవి దాకా తెగి ఉంది. ఒళ్ళో పేపరు మీద రక్తం ఇంకా ఆరలేదు.

ఏజెంట్ నైన్ పిస్టల్ తీసి తలుపు తోశాడు.

మంచం మీద గుమస్తా కూర్చుని ఉన్నాడు. మొహమంతా కట్టు. కళ్ళూ నోరే కనిపిస్తున్నాయి. గుమస్తా ఒకప్పుడు విదేశీ ముఠాకి కోడ్ రాసేవాడు. ఇటు ఫిరాయించాడని తెలిసి వాళ్ళు అతని ముక్కు మొదలంటా కోసేశారు. డిపార్ట్‌మెంట్‌లో ముఠాకి అమ్ముడుపోయింది ఎవరో అతనికొక్కడికే తెలుసు. ఆ పేరు చీఫ్ చెవిలో తప్ప చెప్పనన్నాడు. చీఫ్ పదకొండుంపావుకి వస్తున్నాడు.

మంచం పక్కన ఏజెంట్ సిల్క్ నిలబడి ఉంది. నర్సు వేషం, ఎర్ర లిప్‌స్టిక్.

"తెల్లకోటు వేసుకుని ఎవడో వచ్చాడు. వెనక మెట్ల మీంచి పారిపోయాడు. మనవాడు క్షేమం. కట్టు ఇప్పుడే మార్చాను," అంది.

"గొడుగు తెచ్చావా?" అని నైన్ మంచం మీది మనిషిని అడిగాడు.

"తెచ్చాను. చిల్లుది." కట్టులోంచి గొంతు ముద్దగా వచ్చింది.

కోడ్ సరిపోయింది. నైన్ పిస్టల్ దించాడు. అప్పుడే ఒక ఈగ వచ్చి కట్టు మీద వాలింది. నైన్‌కి కిందటి వారం గుర్తొచ్చింది.

గుమస్తా నుదుటి చర్మాన్ని సర్జన్ నాలుకలా కోసి, కనుబొమ దగ్గర కాడ తెగకుండా కిందికి తిప్పి, ముక్కు చోట కుట్టాడు. మూడు వారాలు రక్తం ఆ కాడలోంచే రావాలి. ఆ తర్వాతే కాడ కోస్తారు. కిందటి వారం ఈగ కొత్త ముక్కు మీద వాలితే గుమస్తా చెయ్యి నుదుటి మీదికి పోయింది.

సర్జన్ నవ్వి, "నరం ఇంకా పాత అడ్రసే చెబుతోంది," అన్నాడు.

"ఏ అడ్రసైతేనేం సార్, ముక్కుతో ఇంటికెళితే చాలు. నన్ను చూసి మా పాప మంచం కింద దూరింది," అన్నాడు గుమస్తా.

బయట మెట్ల మీద బూట్ల చప్పుడు. చీఫ్.

"కళ్ళు మూసుకో." నైన్ కట్టు మీద ముక్కు కొనని వేలితో తాకాడు. "ఎక్కడ ముట్టుకున్నాను?"

"ముక్కు మీద. ఇంకెక్కడ?"

దుప్పటి కింద చెయ్యి కదిలింది. నైన్ ముందు పేల్చాడు. కట్టు ఎర్రబడింది, వాడు గోడకి కొట్టుకుని జారిపోయాడు. చీఫ్ కోసం దాచిన పిస్టల్ దుప్పటిలోంచి కింద పడింది. సిల్క్ చేతిలో స్కాల్పెల్ మెరిసింది. మెడకి గురిపెట్టింది, భుజంలో దిగింది. నైన్ ఆమె జుట్టు పట్టి తలని మంచం ఇనుప కోడుకేసి కొట్టాడు. రెండోసారికి స్కాల్పెల్ జారింది. మూడోసారికి ఆమె కదల్లేదు.

బాత్రూంలో ఏదో తన్నుకుంటోంది. గుమస్తా నేల మీద పడి ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టేసి, నోటికి ప్లాస్టర్ వేశారు. కొత్త ముక్కు వాచి ఉంది, గాలి ఆడటం లేదు. పెదాలు నల్లబడ్డాయి. నైన్ ప్లాస్టర్ లాగేశాడు. గుమస్తా మూడుసార్లు గట్టిగా పీల్చాడు. నైన్ కాడ చూశాడు. గులాబీ రంగులోనే ఉంది.

ముక్కు కొన మీద వేలు పెట్టి, "ఎక్కడ?" అన్నాడు.

"నుదుటి మీద. ప్రాణం పోతుంటే ఇదా అన్నా అడిగేది?"

చీఫ్ గుమ్మంలో ఆగాడు. "ఆ పేరు?"

గుమస్తా గడ్డంతో బయటి గదిలోకి చూపించాడు. "నేల మీదుంది సార్. పొద్దస్తమానం ఆవిణ్ణే నాకు కాపలా పెట్టారు. ఇంకెవరితో చెప్పను?"

చీఫ్ వెనక్కి తిరిగి సిల్క్ వైపు చూశాడు.

"అన్నా," అన్నాడు గుమస్తా, "చేతులింకా కట్టే ఉన్నాయి. నుదురు దురదగా ఉంది. కాస్త మెల్లిగా ముక్కు గోకు."