మెడ మీది నలుపు

నీలవేణి ముఖానికి చుట్టుకున్న చున్నీ తీయగానే ఈశ్వర్ చూపు తిప్పుకోబోయి, మర్యాద కాదని ఆగాడు. ఆమె బుగ్గలే కాదు, మెడ కూడా మాడినట్టు నల్లబడింది.

"మంగు మచ్చలకి లేజర్ సేయించుకున్నానమ్మా. రెండోసారికి ఇలాగైపోనాది. డాక్టరు మీద కేసెట్టమంటంది మా అప్ప. ఆయన సూస్తే మంచోడే" అంది.

శ్రీకాకుళంలో ప్రైవేటు డిటెక్టివుగా పేరున్న రాజకుమారి కుర్చీ ముందుకు జరుపుకుంది.

"లేజర్ ఎక్కడ పెట్టారు?"

"బుగ్గలకే."

"మెడకి?"

"నేదమ్మా. మొకానికి రాసీ ఎండ క్రీమే మెడకీ రాస్తాను, అంతే. నిమ్మ వాసనేస్తాది, బాగుంటాది."

రాజకుమారి ఆ క్రీము పేరు అడిగి రాసుకుంది. ఆమెకి ఏదో దొరికిందని అసిస్టెంటు ఈశ్వర్‌కి తెలుసు. ఏమిటో మాత్రం తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం రాజకుమారి నీలవేణి ఇంటి అరుగు మీదికి లేజర్ చేసిన డాక్టర్ గిరిబాబుని, క్రీము అమ్మిన మందుల షాపు లక్ష్ముడిని పిలిపించింది. తల్లి పోయాక నీలవేణిని పెంచిన అక్క గున్నమ్మ అందరికీ మంచినీళ్లిచ్చింది. ఆమె వేళ్ల మీద చుక్కలు చుక్కలుగా నల్లటి మరకలు. వంటపనివి కాబోలు అనుకున్నాడు ఈశ్వర్.

"ఆ మిషనే నా సెల్లి మొకం కాల్సేసినాది!" అంది గున్నమ్మ.

"మిషను తగలని మెడ ఎలా నల్లబడింది?" అంది రాజకుమారి. "మెడకి తగిలింది క్రీమొక్కటే."

లక్ష్ముడు అదే రకం కొత్త డబ్బా తెరిచాడు. ఏ వాసనా లేదు.

"షాపులో లేని నిమ్మ ఇంట్లో కలిసింది. నిమ్మరసం అంటిన చర్మానికి ఎండ తగిలితే ఏమవుతుంది డాక్టరుగారూ?" అంది రాజకుమారి.

"నల్లగా కాలిపోతుంది. లేజర్ చేసిన చర్మమైతే మరీను" అన్నాడు గిరిబాబు.

రాజకుమారి నీలవేణి వాడే డబ్బాని గున్నమ్మ ముందుకు జరిపింది. "నిమ్మకాయలు పిండి ఎండలో తిరిగిన వేళ్లు మీవి. కాదంటారా, ఈ క్రీము బుగ్గకి రాసుకుని కాసేపు ఎండలో కూర్చోండి."

గున్నమ్మ చెయ్యి డబ్బా దాకా వెళ్లి ఆగిపోయింది.

"మంగు తగ్గాకే పెల్లన్నావు" అంది చెల్లెలితో, తలెత్తకుండా. "పెల్లైతే కొత్తవలస ఎల్లిపోతావు. మరి నాకెవులున్నారే?"

నీలవేణి తన డబ్బాని చేతిలోకి తీసుకుంది.

"నిన్నూ తీసుకెల్దామనే రెండు గదులిల్లు సూడమన్నానప్పా పెల్లికొడుకుని. రోజూ డబ్బా సేతికిచ్చి, రాసుకున్నావా అని అడిగీదానివి. ఎంత పేమో అనుకున్నాను."

గిరిబాబు చీటీ రాసిచ్చాడు. "ఆర్నెల్లు లేజర్ వద్దు. పూతమందుతో నెమ్మదిగా తగ్గుతుంది. పూట తప్పకూడదమ్మా. గుర్తుచెయ్యడానికి ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

నీలవేణి గున్నమ్మ వైపు చూడలేదు.

"ఎవులూ నేరండి" అంది.