వచ్చే ఏటి కట్టెలు

"ఆ ఆఖరి కట్టె కూడా పొయ్యిలో పెట్టేశారా?"

పలోమాతో నేనన్న మొదటి మాట ఇదే. పలకరింపు లేదు, పేరు అడగడం లేదు. తప్పంతా నాది కాదు. ఏప్రిల్ నెల, మా దక్షిణాన చలికాలం తలుపు తట్టే రోజులు, మంచు కలిసిన వాన పక్కనుంచి ఈడ్చి కొడుతోంది. కొండ దారుల్లో కూలిన చెట్లు తొలగించడం నా పని. ఆ పని మీద ఆరు గంటలు గుర్రంతో తిరిగి తడిసి, పైన బాటసారులు తలదాచుకునే మజిలీ ఉంది, అందులో పొయ్యి ఉంది, పెట్టె నిండా ఎండు కట్టెలున్నాయి అన్న ఒక్క ఆశతో ఎక్కాను. తలుపు తీస్తే పెట్టె ఖాళీ. పొయ్యి మాత్రం భగభగ మండుతోంది. దాని ముందు ఒక అమ్మాయి మేజోళ్లు ఆరబెట్టుకుంటూ, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని మహారాణిలా కూర్చుని ఉంది.

"చలేసింది, పెట్టాను. తప్పా?" అంది.

"మరి తర్వాత వచ్చేవాడి సంగతి?"

"వచ్చేశారుగా. రండి, కూర్చోండి."

"ఇది ఆరిపోయాక?"

ఆమె పెట్టె వైపు చూసింది. "కట్టెలు ప్రభుత్వం వాళ్లు తెచ్చి వెయ్యరా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "ప్రభుత్వమా! ఎన్నికలప్పుడు కూడా ఇంత పైకి రాదు. మజిలీలో ఎన్ని కాలిస్తే అన్ని కొట్టి పెట్టి వెళ్లాలి. చితుకులు, సన్నవి, లావువి, పైన అగ్గిపెట్టె. మీకంటే ముందొచ్చినవాడు మీ కోసం కొట్టి పెట్టాడు. వాడెవడో మీకు తెలీదు, మీరెవరో వాడికి తెలీదు. అయినా కొట్టాడు."

"ఎక్కడైనా బోర్డు పెట్టారా?"

"మనిషి కనబడితే పలకరించాలని బోర్డు పెడతారా ఎవరైనా?"

"మీరు నన్ను పలకరించారా?"

నేను తువ్వాలు తీసి తల తుడుచుకున్నాను.

ఆమె తడి మేజోళ్లే తొడుక్కుంది. గోడకి తగిలించిన గొడ్డలి తీసుకుని బయటికి నడిచింది. వెనకాల రేకు చూరు కింద కూలిన లెంగా చెట్ల మొద్దులు ఎండుతుంటాయి. రెండు దెబ్బలు వేసి లోపలికి వచ్చేస్తుందనుకున్నాను. మొదటి దెబ్బ జారి నేలలో దిగింది. రెండోది కూడా అంతే. మూడోదానికి మొద్దు చీలింది, కానీ నిలువుగా కాదు, ఏటవాలుగా. ఆ తర్వాత గంట సేపు ప్రతి కట్టెనీ అలా ఏటవాలుగానే చీల్చింది.

గుర్రాన్ని కట్టేసి, ఒళ్లు తుడిచి, మేత వేసి వచ్చేసరికి ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి.

"ఇటివ్వండి," అన్నాను.

"అక్కర్లేదు. కాల్చింది నేను, కొట్టేదీ నేనే."

పెట్టె నిండాక ఒకే సొరబుర్రలో మాతే ఆకుల కషాయం కలుపుకుని, చేతులు మార్చుకుంటూ తాగాం. నోటుపుస్తకం ఏమిటని అడిగాను.

"ఉండడానికి ఊరు వెతుక్కుంటున్నా," అంది. పలోమా సాంతియాగోలో ఒక కంపెనీకి పటాలు గీస్తుందట. ఎక్కడ కూర్చునైనా గియ్యొచ్చు. "ఇరవై ఎనిమిదేళ్లు ఆ పొగ పీల్చాను. ఇక చాలు. చలి ఉండాలి, కొండలుండాలి, తలుపు తీస్తే కాలిబాట మొదలవ్వాలి. నాలుగు ఊళ్లు చూశా. మార్కులు వేస్తున్నా."

పుస్తకం చూపించింది. మంచు, నది, కాలిబాటలు, డాక్టరు, ఇంటర్నెట్, కాఫీ అంటూ గళ్లు గీసి ఉన్నాయి. పుకోన్‌కి అరవై ఒకటి. పుయెర్తో నటాలెస్‌కి అరవై. ఫుతలెఉఫూకి యాభై ఎనిమిది. కొయ్‌హైకేకి అన్నిటికంటే ఎక్కువ, అరవై నాలుగు. అట్టడుగున మా విల్లా లెంగా పేరుంది, దాని మీద అడ్డగీత ఉంది. పక్కన కారణాలు కూడా రాసింది: గాలి ఎక్కువ. ఇంటర్నెట్ అంతంతమాత్రం. మనుషులు ముక్కోపులు.

"ముక్కోపులా? ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మీరు తువ్వాలుతో తల తుడుచుకుంటున్నప్పుడు రాశాను."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. మా ఊరి మీద గీత కొట్టినవాళ్ల ముందు నవ్వేదేమిటి?

"కొట్టేస్తే కొట్టేసుకోండి. మీ మార్కుల కోసం మా ఊరేం కాచుక్కూర్చోలేదు. మీలాంటివాళ్లు జనవరి ఎండల్లో బోలెడుమంది దిగుతారు. ఇదే స్వర్గం అంటారు. జూన్‌లో చలి ముదిరాక కట్టెల కోసం పరిగెత్తుతారు. ఎవడో పచ్చివి అంటగడతాడు. ఈ ఏడు కొట్టిన కట్టె వచ్చే ఏటికి గానీ మండదని వాళ్లకి తెలీదు. ఇల్లంతా పొగ. జూలైలో కళ్లు తుడుచుకుంటూ బస్సెక్కుతారు."

"నేనూ ఎక్కేస్తానంటారు."

"ఎక్కేస్తారు."

ఆమె పెన్ను తీసి మా ఊరి పేరు మళ్లీ కింద కొత్తగా రాసింది. ఈసారి గీత లేకుండా.

"రమ్మని పిలిచి ఉంటే వచ్చేదాన్ని కాదు," అంది. "పోతానన్నారు కాబట్టి వస్తున్నా."

అన్నంత పనీ చేసింది. మూడు రోజుల్లో మా మెలీదా అత్త ఇంట్లో గది తీసుకుని దిగిపోయింది. కొయ్‌హైకేలో ఆమె కోసం ఒక ఇల్లు అట్టిపెట్టారు. జూన్ ఇరవై ఒకటికల్లా అవుననో కాదనో చెప్పాలి. అప్పటిదాకా మా ఊరికి పరీక్ష.

నేను ఒక్క మంచిమాట కూడా చెప్పదలచుకోలేదు. ఆదివారాలు గుర్రాల మీద వెళ్తున్నప్పుడు ఉన్న చెడ్డంతా ఏకరువు పెట్టేవాణ్ణి.

"పోయినేడు గాలికి మా పొరుగాయన కోళ్లగూడు ఎగిరి నదిలో పడింది."

"కోళ్లతోనా?"

"కోళ్లు ముందే దిగిపోయాయి."

"తెలివైన కోళ్లు. గాలికి రెండు మార్కులు కలుపుతున్నా."

"రోడ్డు మూసుకుపోతే పది రోజులు బస్సు రాదు."

"అంటే మా అమ్మకీ రావడం కుదరదు. ఐదు."

"నువ్వు మార్కులు వేస్తున్నావా, నన్ను ఏడిపిస్తున్నావా?"

"రెండూ ఒకే పెన్నుతో చేస్తున్నా," అని పకపకా నవ్వింది. 'మీరు' అన్నది ఎప్పుడు 'నువ్వు'గా మారిందో ఇద్దరం గమనించలేదు.

ఆమె ఏటిని దాటేటప్పుడు గుర్రం బెదిరితే అరవదు, దాని మెడ మీద చెయ్యి వేసి మాట్లాడుతుంది. తడిసి ముద్దయినా వెనక్కి పోదామనదు. నాకామె నచ్చింది. బుధవారం నాడే ఆదివారం బట్టలు ఉతుక్కునేంత నచ్చింది. ఆ మాట ఆమెకి తప్ప ఊళ్లో అందరికీ తెలిసిపోయింది.

"ఒరేయ్ బ్రౌలియో," అంది అత్త, రొట్టె పిండి పిసుకుతూ. "ఆ పిల్లని ఉండమని అడగరా."

"అడగను."

"నోరు పడిపోయిందా?"

"నేనడిగితే నా కోసం ఉంటుంది అత్తా. చలి కొరికిన ప్రతిసారీ నా వంక చూస్తుంది. మా అమ్మ నాన్నని ముప్పై ఏళ్లు అలాగే సాధించింది కదా, నీ కోసమే ఈ గాలిలో పడ్డానని. ఉండాలనుకుంటే తనే ఉండాలి."

"మీ అమ్మ సాధించింది నిజమే. కానీ వెళ్లిపోయిందా? లేదే! నీదంతా పొగరు," అంది అత్త.

జూన్ పదిహేనున, అత్త వంటింట్లో మేం బల్ల చుట్టూ కూర్చుని రొట్టెలు చేస్తుంటే పలోమా వాళ్లమ్మ ఫోన్ చేసింది. పలోమా చేతులకి పిండి అంటుకుని ఉంది, అందుకని ఫోన్ బల్ల మీదే పెట్టి మాట్లాడింది. మేమంతా విన్నాం.

"పుకోన్‌లో సరస్సు పక్కన ఇల్లు మాట్లాడేశానమ్మా. ఇంటిని వెచ్చబెట్టే గొట్టాలున్నాయి, మంచి కాఫీ దొరుకుతుంది, మీ అన్నయ్య స్నేహితులంతా అక్కడే ఉన్నారు. నీ చలి పిచ్చికి అది చాలు."

పలోమా ముఖం ఎర్రబడింది. "అమ్మా, నేనుండే ఊరు నువ్వు కొనిపెట్టే స్వెటర్ కాదు. పుట్టిన ఊళ్లో నేనడిగి పుట్టలేదు. బతికే ఊరైనా నేనే చూసుకుంటా. పడితే నేనే పడతా, లేస్తే నేనే లేస్తా. ఆ ఇల్లు వద్దని చెప్పెయ్."

ఫోన్ ఆపేసి సరాసరి నా మీదికి తిరిగింది. "నువ్వు చెప్పు. నేనెక్కడుండాలి?"

అత్త బల్ల కింద నా కాలు తొక్కింది.

"నీ లిస్టు నీది," అన్నాను.

"అందరూ నాకు చెప్పేవాళ్లే, నువ్వొక్కడివే ఏమీ చెప్పవు. ఇది మర్యాదా, పొగరా?"

"రెండూ."

ఆమె చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. పద్దెనిమిదిన మంచులో దిగబడకుండా బూట్ల కింద పలకలు కట్టుకుని ఒక్కతే మజిలీకి వెళ్లి, మర్నాడు దిగి వచ్చిందని అత్త చెబితే తెలిసింది. ఇరవయ్యో తేదీ పొద్దున్నే ఆమె గది ఖాళీ.

"కొయ్‌హైకే బస్సెక్కింది," అంది అత్త, నా కళ్లలోకి చూడకుండా.

ఇంకేం అడగను? అరవై నాలుగు మార్కుల ఊరు. ఇరవై ఒకటిన తెల్లవారకముందే చలికాలానికి మజిలీ మూసి రావడానికి కొండెక్కాను. దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను, నీ పొగరు కాల్చుకు తిను ఇక అని.

తలుపు తీశాను. కట్టెల పెట్టె నిండి, పక్కన గోడ సగం దాకా కట్టెలు పేర్చి ఉన్నాయి. చితుకులు, సన్నవి, లావువి, పైన అగ్గిపెట్టె. ప్రతి కట్టె ఏటవాలుగా చీలి ఉంది. పైన గోడకి చెక్క బోర్డు కొట్టి ఉంది, కాల్చిన ఇనుపచువ్వతో రాసిన అక్షరాలు:

"ఎన్ని కాలిస్తే అన్ని కొట్టి పెట్టండి. మనిషి కనబడితే పలకరించండి."

వెళ్లేవాళ్లే కట్టెలు పెట్టి వెళ్తారు. అంటే ఇది సెలవు తీసుకోవడం. నేను ఆ బోర్డు కింద కూలబడి ఏడ్చాను. సిగ్గేముంది, ఏడ్చాను. ఆ కట్టెల్లో ఒక్కటి కూడా కాల్చడానికి చెయ్యి రాలేదు. చలికి వణుకుతూనే కాసేపు కూర్చుని లేచాను. చచ్చినా అడగనన్న నేను, కొయ్‌హైకే వెళ్లి అడిగేద్దామనే నిర్ణయంతో కిందికి దిగాను. కాదంటే కాదంటుంది. మా ఊరు గెలవకపోయినా నా మాటైనా ఆమెకి చేరుతుంది.

ఊళ్లోకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. చనిపోయిన మా బాబాయి ఇంటి ముందు గుర్రం దానంతటదే ఆగింది. రెండేళ్లుగా తాళం పెట్టి ఉన్న ఇల్లు అది, తాళంచెవి అత్త దగ్గరుంటుంది. కిటికీ రెక్కలు తెరిచి ఉన్నాయి. వాకిట్లో ట్రక్కు కుమ్మరించి పోయినట్టు కట్టెల గుట్ట. దాని పక్కన పలోమా ఒక్కో కట్టె తీసి గోడ వెంబడి పేరుస్తోంది.

సంతోషపడాల్సింది పోయి నా కళ్లు కట్టెల మీద పడ్డాయి. కోసిన చోట ఇంకా తేమ మెరుస్తోంది.

"పచ్చివి!" అని అరిచాను. "ఇవన్నీ పచ్చి కట్టెలే! నీకు ఎవడు అంటగట్టాడు?"

"ఎవడూ అంటగట్టలేదు. పచ్చివే కావాలని అడిగి తెప్పించుకున్నా."

"ఇవి మండవు! ఎన్నిసార్లు చెప్పాను? ఇల్లంతా పొగే..."

"ఈ ఏడు మండవు," అంది ఆమె, ఇంకో కట్టె పెట్టి దుమ్ము దులుపుకుంటూ. "వచ్చే ఏటికి మండుతాయి."

నేను గుర్రం దిగాను. వచ్చే ఏటి కట్టెలు పేర్చుకునే మనిషి జూలై బస్సెక్కదు. మా ఊళ్లో పుట్టిన ఎవరికైనా తెలుసు ఆ సంగతి.

"మరి కొయ్‌హైకే?"

"వెళ్లి ఇల్లు వద్దని చెప్పి వచ్చా. వాళ్లు రెండు నెలలు అట్టిపెట్టారు, ఫోన్‌లో చెబితే ఏం మర్యాద?"

"దానికి అరవై నాలుగు మార్కులు."

"మీ ఊరికి యాభై రెండు. గాలికి కలిపినవి తీసేస్తే ఇంకా తక్కువే." నడుం మీద చేతులు పెట్టుకుంది. "నాలుగు ఊళ్లలో ఒక్కచోట కూడా నేను ఎవరి కోసమూ కట్టె కొట్టలేదు. ఇక్కడ కొట్టాను. మళ్లీ కొట్టాలనిపించింది. దానికి నా పుస్తకంలో గడి లేదు. ముందే చెబుతున్నా, ఇది నీ కోసం కాదు. నువ్వు ఛీ పొమ్మన్నా ఉంటా. నువ్వు ఇంకెవరినో పెళ్లి చేసుకున్నా ఉంటా, నీ పెళ్లికొచ్చి తిని మరీ పోతా. మీ అత్తతో ఇల్లు మాట్లాడుకున్నా, మూడేళ్లకి."

నేను కళ్లెం కంచెకి చుట్టి ఆమె దగ్గరికి నడిచాను.

"అయితే ఇప్పుడు చెప్పొచ్చు," అన్నాను.

"ఏంటి?"

"ఉండమని అడగను. ఎలాగూ ఉంటున్నావు. నువ్వంటే నాకు ప్రేమ. ఏప్రిల్ నుంచి."

"ఆఖరి కట్టె నుంచా?"

"ఏటవాలుగా కొట్టిన మొదటి కట్టె నుంచి."

ఆమె చేతిలో కట్టె కింద పెట్టింది. ముఖం తుడుచుకుంది, చెంప మీద బెరడు పొడి అంటింది.

"నాకూ అంతే," అంది. "ముందు నీ మాట చెప్పి తర్వాత ఊరు చెబితే, మా అమ్మ ఊరిని కూడా నీ ఖాతాలోనే వేసేస్తుంది. అందుకే ముందు ఊరు. తర్వాత నువ్వు. ఆ వరస మారదు."

"మారక్కర్లేదు."

కంచె అవతలినుంచి మెలీదా అత్త కేక వేసింది. ఎంతసేపటి నుంచి వింటోందో ఏమో. "ఒరేయ్, ప్రేమ సరే! మరి ఈ చలికాలమంతా ఆ పిల్ల ఏం కాల్చుకోవాలి?"

"నా కొట్టంలో ఎండువి ఉన్నాయి," అన్నాను. "ఇద్దరికీ సరిపోతాయి."

"ఊరికే వద్దు," అంది పలోమా. "ఎన్ని కాలిస్తే అన్ని కొట్టి పెడతా."

"ఏటవాలుగానా?"

"ఏటవాలుగానే. చూళ్లేకపోతే మొహం తిప్పుకో."

నేను తిప్పుకోలేదు.