తబేలాలో హాజరు

తబేలా అసలు సంగతి నాకు మొదట చెప్పింది పౌలు మాస్టారు. సీతాఫల్‌మండి స్టేషన్ల, బండి లేటయిన పూట. చెప్పవలసిన నాటికి పన్నెండేండ్లు లేటుగ చెప్పిండు. ఆ లెక్క నేను మరువలే.

యూనివర్సిటీ వెనుక, తార్నాక దిక్కు పోయే బాటల రాతి తబేలా ఒకటి ఉండె. ఎవరో జాగీర్దారు గుర్రాలు కట్టేసిన జాగ. వాటిని కాసే సాయీసు రోజూ పొద్దుగూకంగ ఒక్కో గుర్రాన్ని పేరు పెట్టి పిలిచి దాణా పెడుతుండెనట. గుర్రాలు పోయినయ్. సాయీసు పోయిండు. పిలుపు మాత్రం పోలేదని చెప్పుకునేటోళ్ళు. ఆ పిలుపుకు పలికినోడు ఏడాది దాటడని...

అసొంటి జాగల పిల్లల్ని కూసోబెట్టిన్రు!

అరవై ఎనిమిది నాటి మాట. మా హైస్కూలుకు కొత్త బిల్డింగు కడుతున్నరు. గోడలు కిటికీల దాక లేచి ఆగినయ్. ఉన్న బడిల పిల్లలు పట్టరు. పొద్దున ఒక షిఫ్టు, పగటీలి ఒక షిఫ్టు. వరండాల క్లాసు, చెట్టు కింద క్లాసు. పెద్దసారు పార్థసారథి గారు తన గదిని గూడ ఆరో తరగతికి ఇచ్చేసిండు. ఎనిమిది-బి పిల్లలు, డెబ్బై ఎనిమిది మంది, తబేలాకు పోయిన్రు. అక్కడ కరెంటు లేదు. అందుకని ఐదున్నరకే విడిచిపెట్టేది. బడిల మాత్రం ఆరున్నర దాక దీపాల కింద పాఠం.

నేను ఆ బడి చప్రాసిని, వెంకటస్వామిని. నిమిషం అటిటు కొట్టిన గంట కాదు నాది. తబేలాకు తాళంచెవులు రెండు. ఒకటి నా మొలతాడుకు, ఒకటి పెద్దసారు దగ్గర.

డిసెంబరుల మొదలైంది. పిల్లలు పోయినంక, తలుపులు పడినంక, బాటన పోయేటోళ్ళకు లోపటి నుంచి పిలుపు ఇనవడబట్టె...

గుర్రాల పేర్లు కాదు. పిల్లల పేర్లు.

"కె. సుబ్బలక్ష్మీ..." ఒక్కో పేరు మూడుసార్లు. తర్వాత, ఎవరన్న పలుకుతరేమోనని చూసినట్టు, నిశ్శబ్దం. గొంతు ఎవరిదో ఆనవాలు చిక్కదు – రాతికప్పు కింద తిరిగి తిరిగి వచ్చేది.

తెల్లారి సుబ్బలక్ష్మి తల్లి వచ్చి టీసీ అడిగింది. "పిల్ల బతికుంటే చాలండీ, చదువు సంగతి తర్వాత." పది దినాలల్ల పదకొండు మంది అట్లనే పోయిన్రు.

నాకు అనుమానం తగిలింది. సాయీసు గుర్రాన్ని ఇనీషియల్ పెట్టి పిలిచిండా? సార్లు అందరూ ఉండంగనే అన్న: "గిది రిజిస్టరు చదివే దెయ్యం సార్."

"తాళంచెవి ఉన్న దెయ్యం కూడానేమో, వెంకటస్వామీ!" అన్నడు ఒకాయన.

నవ్విన్రు. కండ్లు మాత్రం నా మొలతాడు మీదనే ఉన్నయ్. గంట కొట్టనీకి అంత దూరం నడువలేక వీడే దెయ్యాన్ని పుట్టించిండన్న మాట ఆ దినం నుంచి మొదలు.

ఇగ పౌలు మాస్టారు కథ. ఎనిమిది-బికి లెక్కలు చెప్పేటోడు. గుంటూరు దిక్కు మనిషి, ప్రార్థన మనిషి, దెయ్యాలను నమ్మడు. ఆయన బిడ్డ విజయకుమారి గూడ అదే క్లాసు. ఒకనాడు పరీక్ష కాగితాలు మరిచి, పొద్దుగూకినంక తబేలాకు తిరిగొచ్చిండు.

తాళం లేదు. తలుపు దగ్గరికి వేసి ఉన్నది. లోపల చీకటి.

"డి. అరుంధతీ..."

మాస్టారు గడప ముందట ఆగిండు. పెదవులు ప్రభువు పేరే తలుస్తున్నయ్. మూడు పిలుపులు అయినయ్. ఒక కాగితం తిరిగిన చప్పుడు... మళ్ళ నిశ్శబ్దం...

"జి. విజయకుమారీ..."

తన బిడ్డ!

రెండో పిలుపు గూడ అయింది. మూడోది పడక ముందే తలుపు నూకిండు.

దాణా తొట్టి గట్టు మీద, తల మీదికెల్లి తెల్ల శాలువా కప్పుకొని... ఒక ఆకారం. ముఖం కానరాదు. మోకాళ్ళ మీద రిజిస్టరు, పక్కన ఒత్తి తగ్గించిన లాంతరు.

"తలుపు వెయ్యండి మాస్టారూ... చలి" అన్నది ఆకారం.

పెద్దసారు!

"మీరాండీ! ఇక్కడ... చీకట్లో?"

"నా గదిలో ఆరో తరగతి నడుస్తోంది కదండీ. ఇంకెక్కడ కూర్చోను?" గొంతు తగ్గించిండు. "ఈ గదిలో అరవై మందిని మించకూడదని పైనుంచి కాగితం వచ్చింది. పద్దెనిమిది పేర్లు కొట్టెయ్యాలి. పేరు పిలుస్తాను, మొహం కళ్ళముందుకొస్తుంది... మూడుసార్లు పిలిచినా కలం ఆనదు."

"ఊరంతా దెయ్యం అంటున్నారండీ. భయపడి టీసీలు తీసుకుంటున్నారు."

పెద్దసారు రిజిస్టరు మూసిండట.

"తెలుసు. పదకొండు మంది వాళ్ళంతట వాళ్ళే వెళ్ళారు. నేనెవర్నీ కొట్టెయ్యలేదు మాస్టారూ... ఒక్కర్ని కూడా." ఆగి, గుసగుసగ అన్నడట – "ఇంకో ఏడుగురు. అంతే. మీ అమ్మాయి పేరు మళ్ళీ పిలవను."

పౌలు మాస్టారు తలుపు వేసిండు. బయటి నుంచి.

అరుంధతితో కలిపి ఏడుగురు పోయిన్రు. అరవై మిగిలిన్రు. పిలుపు ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు వచ్చి తలలు లెక్కబెట్టుకొని సంతోషంగ పోయిండు.

మర్నాడు పెద్దసారు లాగ్ బుక్కుల రాసి, అందరి ముందట చదివిండు: "పేర్లు పిలిచి దెయ్యం వదంతి పుట్టించినది చప్రాసి వెంకటస్వామి. మందలించడమైనది." కింద సంతకం పెట్టమన్నడు.

పెట్టిన. ఎందుకంటరా? రిజిస్టరుల ఇనీషియళ్ళు ఇంగ్లీషుల ఉంటయ్. నాకు ఆ అక్షరాలు ఒక్కటి గూడ రావు, ఇగ ఆ పేర్లు చదివి ఎట్ల పిలుస్త? ఆ ఒక్క మాట చాలు, నేను బయటపడుదును. అంతమంది సార్ల ముందట ఆ మాట నోటికి రాలే. చదువు రానోడినని ఒప్పుకునే కంటె దెయ్యాన్నని ఒప్పుకునుడే నయమనిపించింది.

కొత్త బిల్డింగు లేచింది, గదులు బొచ్చెడు, ఎంతమందికన్న సాలుతయ్. పోయిన పద్దెనిమిది మందిల ఒక్కరు తిరిగి రాలే. పెద్దసారు కాలం చేసిండు. పౌలు మాస్టారు స్టేషన్ల నా చేతులు పట్టుకొని మాఫ్ చెయ్యమన్నడు. చెయ్యలే.

ఆ బడిల ఇప్పుడున్న సార్లు ఎవరన్న ఇది చదివితే, అల్మారల నుంచి ఆ లాగ్ బుక్కు తీయున్రి. నా పేరు మీద ఒక గీత కొట్టున్రి. పెద్దసారు పేరు రాయమంటలే. "ఆ ఏడు వెంకటస్వామికి ఇంగ్లీషు అక్షరాలు రావు" అని రాయున్రి, చాలు.