మంచు మీద నడిచిన అల్లుడు

జెబెల్ అలీ కూలీల క్యాంపులో ఆ రోజు తెల్లారింది గానీ తెల్లారినట్టు లేదు. జనవరి పొగమంచు కిటికీ దాకా వచ్చి నిలబడింది. రాజలింగం చాయ్ పోసి, మీగడ పడ్డ గ్లాసును అల్లుడు భూమేశ్ ముందుకు జరిపాడు. దుబాయ్ వచ్చినా అల్లుడు అల్లుడే కదా! మామా అల్లుళ్లు ఒకే గదిలో ఉంటే ఎవరికీ తీరిగ్గా గురక పెట్టే యోగం ఉండదు.

"నవత ఫోన్ జేసిందా అల్లుడా?"

"చేసింది మామా. కడుపుల బిడ్డ మస్తు తంతున్నదట."

కాన్పుకు పుట్టింటికి పోయిన భార్య తలపుతో వచ్చిన నవ్వు ముఖాన ఉంచుకునే భూమేశ్ బస్సెక్కాడు.

ఇద్దరిదీ పరంజా కట్టే పని. పైపులు బిగిస్తూ, పలకలు పరుస్తూ పైకి పోవాలి. నడుముకు బెల్టు, దాని హుక్కు ఎప్పుడూ పైపుకు తగిలించి ఉండాలి. ఆ ఉదయం పైకెక్కేసరికి కింద నేల లేదు. క్రేన్లు, రోడ్లు, సముద్రం అన్నీ మంచులో మునిగిపోయాయి. పలక అంచుకు ఆనుకుని పరిచిన దూదిలా తెల్లగా, మెత్తగా ఉంది. లోతు కనబడకపోతే భయమెక్కడిది? ఆ తెలుపులోంచి నవత బిడ్డను ఎత్తుకుని నడిచి వస్తున్నట్టే అనిపించింది భూమేశ్‌కు. అవతలి పైపు అందుకోవడానికి హుక్కు తీశాడు, మళ్లీ పెట్టడం మరిచాడు. పెరట్లో తిరిగినట్టు హాయిగా పలక చివరిదాకా నడిచాడు.

"ఒరే భూమేశా! సస్తవ్‌రా గాడిద కొడకా! హుక్కు పెట్టు!"

రాజలింగం అరుపుకు గుంపంతా తలలు తిప్పి నవ్వింది. హుక్కు పడింది. భూమేశ్ ప్రాణం నిలిచింది గానీ పరువు పోయింది. ఇన్నాళ్లూ పేరు పెట్టి కూడా పిలవని మామ నలుగురిలో ఒరే అన్నాడు. గాడిద కొడుకంటే తన తండ్రిని కూడా అన్నట్టే! తిరిగొచ్చేటప్పుడు బస్సులోంచే నవతకు ఫోన్ చేసి అంతా చెప్పేశాడు.

సాయంత్రం గదిలో బట్టలు సంచిలో కుక్కడం మొదలుపెట్టాడు.

"వేరే రూముకు పోత. కాన్పుకు వచ్చిన నవత మీ ఇంటికాడనే ఉండనీ. నేను తోలుకపోను. ఖలాస్."

రాజలింగం లేచి సంచి పట్టుకోబోయాడు. అంతలో ఫోన్ మోగింది. ఊరి నుంచి భార్య చంద్రవ్వ.

"నీకేమన్న మతి తప్పిందా? అల్లున్ని నలుగుర్ల ఒరే అంటవా? పిల్ల అన్నం ముడ్తలేదు. ముందుగాల తప్పయిందను!"

ఫోన్ పెట్టేసి రాజలింగం తల వంచుకున్నాడు.

"తప్పయింది అల్లుడా."

"అందరు నవ్విండ్రు మామా."

"నవ్వితే నవ్వనీ." రాజలింగం మంచం మీద కూలబడ్డాడు. "పెండ్లినాడు నీ కాళ్లు పళ్లెంల పెట్టి నా చేతులతోటి కడిగిన. పొద్దుగాల గవ్వే కాళ్లు... కింద ఏం లేదు బిడ్డా! నువ్వు మంచును జూసినవ్. నాకు బొట్టులేని నా పిల్ల కనవడ్డది. నోట్లెకెళ్లి ఏమచ్చిందో నాకే ఎరుకలేదు."

ముఖం తువ్వాలలో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

భూమేశ్ చేతిలోంచి సంచి జారింది. పొద్దున పైన రాని భయం ఇప్పుడు వచ్చింది. కళ్ల నిండా నీళ్లతో మామ పక్కన కూర్చున్నాడు.

"రేపు గూడ మంచు పడ్తదంటున్నరు మామా."

"పడనీ."

"నేను హుక్కు యాదిమరిస్తే... మల్ల ఒరే అనుండ్రి."