పాత ఫోన్‌కి సరిపోయే మూత

వరహాలమ్మకి యాభై రెండేళ్లు. చేతికి ఏ వస్తువొచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తుంది. బిస్కెట్ పొట్లమైనా, కరెంటు బిల్లయినా, కంపెనీ సంతకం పెట్టమన్న కాగితమైనా అంతే.

ఆ సోమవారం మధ్యాహ్నం కాకినాడలో, ఒక టైలర్ షాపు పైనున్న చిన్న ల్యాబ్‌లో కూర్చుని, తన ఫోన్‌ని అలాగే తిప్పి, వెనక చెరిగిపోయిన మోడల్ నంబరు కూడబలుక్కుంటోంది. అప్పటికి ఆరో వీపీఎన్ క్లయింట్ కూడా చేతులెత్తేసింది. తెర మీద అదే ముక్క: "ఈ యాప్ మీ పరికరానికి సరిపోదు."

"మళ్లీ గెంటేసిందాండీ డాక్టరమ్మా?"

"గెంటేసింది పిన్నిగారూ," అంది ఫిరోజా. నెట్‌వర్క్ శాస్త్రంలో డాక్టరేట్ చేసిన మనిషి. పెద్ద కంపెనీ ఉద్యోగం వదిలేసి, ఈ గదిలో పాత ఫోన్లు విప్పుకుంటూ కూర్చుంది. ఆమెకి మతి లేదని ఊరు తీర్మానించేసింది. జీతం మానుకున్న ఆడదాని గురించి ఊరు అంతకన్నా ఎక్కువ ఆలోచించదు.

ఆ రోజుల్లో ప్రతి ఇంటికీ ఒక గేట్‌వే పెట్టె ఉండేది. కుటుంబ భద్రత పేరుతో వచ్చిన చట్టం అది. ఇంట్లోవాళ్ల ఫోన్లు ఊళ్లో ఎక్కడున్నా సరే, మాటలూ రాతలూ ఆ పెట్టె గుండానే బయటికి పోవాలి. ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో ఆదివారం పొద్దున్నే అచ్చువేసి, పెట్టె ఇంటి పెద్ద చేతికిస్తుంది. ఇంటి పెద్ద ఎవరన్నది చట్టం చెప్పలేదు. ఫారంలో మాత్రం 'భర్త లేదా తండ్రి పేరు' అని ఒకటే గడి ఉంది.

వరహాలమ్మ రొయ్యల ప్లాంటులో పని చేస్తుంది. భర్త సూర్రావు అక్కడే సూపర్‌వైజరు. నెల కిందట ఆమెతో పాటు రొయ్యలు వొలిచే పైడితల్లి కోల్డ్ రూమ్‌లో నలభై నిమిషాలు ఇరుక్కుపోయింది. చలికి చచ్చుబడ్డ మూడు వేళ్లు తీసేశారు. తలుపు ఆమే సరిగ్గా తీసుకోలేదని కంపెనీ అంటోంది. బయట గడియ పెట్టి ఉండటం వరహాలమ్మ కళ్లారా చూసింది. గురువారం నాలుగు గంటలకి విచారణ కమిషన్ ఫోన్‌లో సాక్ష్యం తీసుకుంటుంది. సాక్షి పేరు బయటికి రానివ్వదు గానీ, మాట్లాడేది సొంత నంబరు నుంచే కావాలి. ఆ రోజు ఎవరూ మాట్లాడకపోతే కేసు మూసేస్తారు. సీలు లేకుండా మాట్లాడితే, ఆదివారం ఆ సాక్ష్యం మొత్తం సూర్రావు కాఫీ పక్కన ఉంటుంది.

"సీలంటే ఏటో సరిగ్గా చెప్పండమ్మా. అర్థం కానిదాన్ని నేను నమ్మను," అంది.

"మీ ప్లాంటులో పెట్టెలకి సీలు వేసి పంపిస్తారు కదా? చెక్‌పోస్టువాడికి లారీ కనిపిస్తుంది, పెట్టెలు కనిపిస్తాయి. లోపలేముందో కనపడదు. సీలు విప్పేవాళ్లు అవతలి రేవులో ఉంటారు. వీపీఎన్ చేసేదీ అంతే. మీ ఫోన్‌లో కూర్చుని సీలు వేసే పనిముట్టే క్లయింట్. బ్యాంకులు కూడా వాడతాయి కాబట్టి చట్టం దాన్ని ఆపలేదు."

"మరి నా ఫోనంటే దానికేం రోగం?"

"దాన్ని కొత్త ఫోన్ల కొలతకి చేశారు."

"అంటే గిన్నె నాది, మూత ఇంకెవరిదో."

ఆ ఫోన్ మొదట సూర్రావుది. ఇంకోటి వచ్చాక తన తమ్ముడికిచ్చాడు. తమ్ముడు కూడా వద్దన్నాక వరహాలమ్మకి వచ్చింది. ఊళ్లో సగంమంది ఆడవాళ్ల ఫోన్ల చరిత్ర ఇంతే. క్లయింట్లు తయారు చేసే పెద్దమనుషులు మాత్రం, రహస్యం అవసరమైన మనిషి చేతిలో ఎప్పుడూ కొత్త ఫోనే ఉంటుందనుకుంటారు.

"పోనీ, నేనే మీకో కొత్త ఫోన్ ఇస్తాను," అంది ఫిరోజా. తన దగ్గరున్న కొత్త ఫోన్‌లో క్లయింట్ వేసింది. క్షణంలో అతుక్కుపోయింది. ల్యాబ్‌లో ఉన్న నమూనా గేట్‌వేకి కలిపి, స్నేహితురాలికి ఫోన్ చేసి, "రేపు కాకరకాయలు తేవే" అంది. గేట్‌వేకి ఒక్క ముక్క తెలియలేదు. ఫిరోజా చప్పట్లు కొట్టబోయింది.

వరహాలమ్మ ఆ కొత్త ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. "డాక్టరమ్మా, కాకరకాయ వేపుడు ఎలా చెయ్యాలో చెప్పమంటారా అని ఇదడుగుతోందేటి?"

ఫిరోజా చేతులు గాల్లోనే ఆగిపోయాయి. కొత్త ఫోన్లన్నింటిలో 'తోడు' అనే చిప్ ఉంది. మనిషికి సాయం చేస్తానంటూ ప్రతి మాటా వింటుంది, విన్నది ఫోన్ తయారుచేసినవాళ్లకీ, కొనిచ్చినవాళ్లకీ చేరవేస్తుంది. మాట సీలు దాకా వెళ్లకముందే అది వినేస్తోంది. పెట్టెలో సర్దుతున్నప్పుడే ఒకడు పక్కన నిలబడి చూస్తుంటే, పైన సీలెందుకు?

"నా దాంట్లో ఆ తోడుందా?"

"లేదు. ఆ చిప్ పుట్టకముందే మీ ఫోన్ పుట్టింది," అంటూ ఫిరోజా ఆ ఫోన్‌ని రెండు చేతుల్లోకీ తీసుకుంది. ఇందాకటిదాకా దాన్ని రోగిలా చూసింది. ఇప్పుడు చూపు మారింది.

మూడు రోజులు కూర్చుని కొత్త క్లయింట్ రాసింది. రంగుల బటన్లు పీకేసింది, ప్రకటనలు పీకేసింది. సీలు వేయడం, సీలు విప్పడం, ఆ రెండు పనులే ఉంచింది. చివరికది ఒక చిన్న పాట ఫైలంత కూడా లేదు. అంత చిన్నదాంట్లో అంత గట్టి తాళం ఇమడ్చడం మామూలు పని కాదు. ఈ సంగతి చెప్పుకుని గర్వపడే అలవాటు కూడా ఆమెకి లేదు.

గురువారం మూడున్నరకి ఇంకో అడ్డంకి వచ్చింది. ఫోన్‌లో ఆ కాస్త చోటు కూడా లేదు. తెరిచి చూస్తే సూర్రావు వదిలేసి వెళ్లిన రెండువేల చిల్లర ఫోటోలు. శాలువాతో సూర్రావు, దండతో సూర్రావు, కొత్త బైకు మీద సూర్రావు.

"తీసెయ్యనా పిన్నిగారూ?" ఫిరోజా మొహమాటపడింది.

"తీసెయ్యండి. మనిషిని ఇరవైతొమ్మిదేళ్లు మోశాను. ఫోటోల్ని కూడా మొయ్యాలా?"

క్లయింట్ సరిపోయింది. తెర మీద చిన్న పచ్చ చుక్క వెలిగింది. సరిగ్గా నాలుగింటికి కమిషన్ గొంతు వినిపించింది.

"గడియ బయటినుంచే పెట్టి ఉందా?"

"ఉందండీ. తీసింది నేనే."

"ఆ పూట సూపర్‌వైజరు ఎవరు?"

"సూర్రావు."

"మీకేమవుతారు?"

"నా మొగుడండీ."

ఫిరోజా తల తిప్పి ఆమెకేసి చూసింది. నాలుగు రోజులుగా తన ఎదురుగా కూర్చున్న మనిషి ఎంత బరువు మోస్తోందో ఆమెకి అప్పుడు తెలిసింది.

ఆదివారం నివేదికలో గురువారం నాలుగింటికి ఎదురుగా ఒకే వరుస ఉంది: 'వరహాలమ్మ, సీలు వేసిన సంభాషణ, నలభై రెండు నిమిషాలు.'

"ఏంటే ఇది? బ్యాంకా?" అన్నాడు సూర్రావు.

"నా పని."

ఆయన ఇంకేదో అడగబోయాడు. ఆమె అట్లు తిరగేస్తూ వెనక్కి చూడలేదు.

రెండు నెలలకి కమిషన్ సూర్రావుని పిలిచింది. దొంగతనాలు ఆపడానికి గడియ పెట్టమన్నది మేనేజరు. పెట్టింది మాత్రం సూర్రావే అని తేల్చి, కంపెనీ చేతులు దులుపుకోవాలని చూస్తోంది. గడియ పెట్టమన్నది ఎవరో కమిషన్‌కి చెప్పాలంటే సూర్రావు రహస్యంగా చెప్పాలి. ఆయన చేతిలో ఉన్నది కంపెనీ కొనిచ్చిన సరికొత్త ఫోన్. అందులో తోడుంది. ఊళ్లో మగవాళ్ల ఫోన్లన్నీ దాదాపు అలాంటివే. టైలర్ షాపు మెట్ల మీద, కంపెనీల చెవిన పడకుండా మాట్లాడటానికి పెళ్లాల పాత ఫోన్లు అడిగి తెచ్చుకున్న మగవాళ్లు ఫిరోజా కోసం వరుసగా కూర్చుంటున్నారు.

సూర్రావు వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "ఇదిగో... నీ ఫోన్ ఓ గంట ఇస్తావా? నా నంబరు సిమ్ వేసుకుని మళ్లీ ఇచ్చేస్తాను."

"సాక్ష్యానికేనా?"

ఆయన మొహం మారింది. ఆ నలభై రెండు నిమిషాలు ఏమిటో అప్పుడు అర్థమైంది. "నా పేరు చెప్పావా?" అన్నాడు.

"చెప్పాను. మీరు మేనేజరు పేరు చెప్పండి." ఫోన్‌ని ఒకసారి వెనక్కి తిప్పి చూసి, ఆయన చేతిలో పెట్టింది. ఆయన మాట్లాడుతున్నంతసేపూ వీధిలో కూర్చుంది. వినలేదు.

కంపెనీ పైడితల్లికి నష్టపరిహారం ఇచ్చింది. మరుసటి ఏడు వరహాలమ్మ ఇంటి గేట్‌వేని తన పేరు మీదికి మార్పించుకుంది. ఫారంలోని 'భర్త లేదా తండ్రి పేరు' కొట్టేసి తన పేరు రాసింది. ఆ సాయంత్రమే నివేదికలు ఆపించేసింది.