లేచి కూర్చున్న బొమ్మలు

“బొమ్మలకి ఒంట్లో బాగోలేదాండీ? అన్నీ పడుకునే ఉన్నాయి!”

ఎగ్జిబిషన్ తలుపులు తెరవగానే పక్క స్టాల్ వడ్రంగి అన్న మొదటి మాట అది. బొమ్మలమ్మాయికి ఒళ్లు మండింది. మూడు నెలలు కూర్చుని కుట్టిన గుడ్డబొమ్మలు మరి! తెల్లటి టేబుల్ క్లాత్ మీద స్కేలు పెట్టి కొలిచినట్టు వరసగా పడుకోబెట్టింది.

“మీ కుర్చీల సంగతి మీరు చూసుకోండి,” అంది ముఖం మాడ్చుకుని.

అతనివి జానెడు ఎత్తు చెక్క కుర్చీలు, పిల్లలు ఆడుకునేవి. నవ్వుతూ వాటిని సర్దుకున్నాడు.

మధ్యాహ్నమైంది. ఒక్కరు ఆగితే ఒట్టు. పిల్లలకైతే టేబుల్ అంచు తప్ప ఏమీ కనబడదు. సాయంత్రం ఐదింటికి నాన్న వస్తారు. “నీ స్టాల్ దగ్గర నలుగురు ఆగితే సరే, లేదంటే సోమవారం ఆఫీసులో చేరాలి,” అని ఖచ్చితంగా చెప్పేశారు.

ఏడుపు ఆపుకోలేక వెళ్లి ముఖం కడుక్కుని వచ్చేసరికి, బొమ్మలన్నీ లేచి కూర్చున్నాయి! ఒక్కో బొమ్మ ఒక్కో చెక్క కుర్చీలో. వెనక వరస అట్టపెట్టెల మీద ఎత్తుగా, ముందు వరస టేబుల్ అంచునే. ఓ మూల రెండు బొమ్మలు తలలు దగ్గర పెట్టుకుని కబుర్లాడుతున్నాయి.

చూసి మురిసిపోవాల్సింది పోయి గయ్యిమంది.

“నా టేబుల్ మీద మీ కుర్చీలు అమ్ముకుందామనా? ఎంత తెలివండీ!”

అతని ముఖం చిన్నబోయింది. “తీసేస్తాను లెండి,” అంటూ చెయ్యి చాచాడు.

అంతలో ఓ పాప వాళ్లమ్మ కొంగు లాగింది. “అమ్మా, ఈ బొమ్మ నన్నే చూస్తోంది!”

ఆ పాప వెనక ఇంకొకరు, వాళ్ల వెనక మరో ఇద్దరు. బొమ్మలమ్మాయికి ఊపిరి సలపలేదు. ఓ పెద్దావిడ బొమ్మను వదిలి కుర్చీ పట్టుకుంది. “ఇదెంత బాబూ?”

“కుర్చీలు ఇవాళ అమ్మడం లేదండీ. ఆ బొమ్మ కుట్టు చూడండి, ఎంత నాజూగ్గా ఉందో!”

బొమ్మలమ్మాయి నాలుక కరుచుకుంది. పక్కకి చూస్తే అతని టేబుల్ బోసిగా ఉంది. ఉన్న కుర్చీలన్నీ ఇక్కడే! ఛీ, ఎంత మాట అనేసింది!

“సారీ అండీ. మరి మీ అమ్మకం?”

“రేపు కూడా ఉందిగా. పొద్దున మీరు ఫోన్లో మీ నాన్నగారిని బతిమాలడం విన్నాను. మీరు ఆఫీసుకెళ్లిపోతే వచ్చే ఎగ్జిబిషన్లో నేనెవరి పక్కన స్టాల్ అడగాలి?”

“నా పక్కనే కావాలని అడిగారా?”

“పోయినసారి మీ ఎదురు స్టాల్ నాదే. కుట్టుకుంటూ ఒక్కసారైనా తలెత్తితేగా మీరు!”

ఇప్పుడు ఎత్తింది. దించబుద్ధి కాలేదు.

ఐదింటికి జనాన్ని తోసుకుంటూ నాన్న వచ్చారు. కూతురి టేబుల్ మీద దాదాపు అన్నీ ఖాళీ కుర్చీలే, బొమ్మలు అమ్ముడైపోయాయి. వడ్రంగి టేబుల్ మీద మాత్రం ఒక కుర్చీలో ఒకే ఒక్క బొమ్మ, దాని పక్కన ఖాళీ కుర్చీ.

“అదెందుకమ్మా అక్కడ పెట్టావు?”

“అది అమ్మేది కాదు నాన్నా.” ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

నాన్న ఆమెను చూశారు, అతన్ని చూశారు, ఆ బొమ్మ పక్కనున్న ఖాళీ కుర్చీని చూశారు.

“ఆఫీసువాళ్లకి రావట్లేదని నేనే ఫోన్ చేస్తాలే,” అన్నారు.

పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలింది బొమ్మలమ్మాయి. వడ్రంగి కూడా వదిలాడు, ఆమెకి వినబడేంత గట్టిగా.

నాన్న అతనివైపు తిరిగారు. “ఏం బాబూ, ఇన్ని కుర్చీలు చేస్తావు కదా, మనిషి కూర్చునేది ఒక్కటైనా లేదా? నీతో కాస్త తీరిగ్గా మాట్లాడాలి.”