బస్సు ఆగని నవల

వాన మొదలైతే జయపాల్‌కు ఇప్పటికీ వనపర్తి కాలేజీ క్యాంటీన్ రేకుల చప్పుడే గుర్తొస్తుంది. శైలజతో అతని మొదటి మాట, మొదటి గొడవ ఆ రేకుల కిందే. కారణం ఓ నవల ఆధారంగా తీసిన సినిమా. హీరో వానలో బస్సుకు అడ్డం నిలబడి, బస్సంతా వినేలా ప్రేమ చెప్పే సీను గురించి జయపాల్ స్నేహితులకు కథలు కథలుగా చెబుతున్నాడు. పక్క బల్ల దగ్గరున్న శైలజ టీ గ్లాసు కింద పెట్టింది.

"నవలల గట్ల లేదు. బస్సు పోతనే ఉంటది. ఆయన ఆమె పక్కసీట్ల కూసొని, నీకేం కావాల్నని అడుగుతడు. ఆమె చెప్తది, ఆయన వింటడు."

"గంతేనా? గదెవరు చూస్తరు?"

"చూసేది కాదు, చదివేది."

అప్పట్నుంచి ధరూర్ అమ్మాయికీ అమరచింత అబ్బాయికీ ఆ తగువు లేనిదే పొద్దుపోయేది కాదు. నవల చదవమని ఆమె, సినిమా మళ్లీ చూడమని అతను.

చివరి ఏడాది, వాన పట్టుకున్న ఓ సాయంత్రం, జయపాల్ శైలజ ఊరికి వెళ్లే గద్వాల బస్సుకు నిజంగానే అడ్డం నిలబడ్డాడు. మనసులో మాట గొంతెత్తి చెప్పేశాడు. డ్రైవర్ హారన్ కొట్టాడు, జనం నవ్వారు, ఫోన్లు పైకి లేచాయి. కిటికీ దగ్గర శైలజ చున్నీతో ముఖం కప్పుకుంది. ఆమె కంటే ముందే వీడియో ధరూర్ చేరింది. తల్లి సత్యమ్మ కాలేజీ మాన్పించింది. పరీక్షలకు మాత్రం శైలజ అన్న బండి మీద వచ్చి, ఎవరి వైపూ చూడకుండా రాసి వెళ్లిపోయింది.

తర్వాత జయపాల్‌కు నాగర్‌కర్నూల్‌లో విత్తనాల కంపెనీలో ఉద్యోగం దొరికింది. పోయిన వానాకాలంలో అక్కడి లైబ్రరీలో ఆ నవల కంటబడితే, కూర్చున్న చోటే చదివేశాడు. సినిమాలో సిగ్గుపడి నవ్వడం తప్ప పనిలేని ఆ అమ్మాయి, నవలలో పేజీల కొద్దీ మాట్లాడుతోంది. శైలజను తను ఏమీ అడగనేలేదని అప్పుడు తట్టింది.

ఈ మాఘంలో గద్వాలలో స్నేహితుడు సతీష్ పెళ్లికి వెళితే ఆమె కనిపించింది. బి.ఇడి చేసి అక్కడే బడిలో పాఠాలు చెబుతోందట. పక్కన కూర్చోవచ్చా అని అడిగి కూర్చున్నాడు.

"నవల చదివిన," అన్నాడు.

"ఇప్పుడా?"

"పోయిన వానాకాలంల. ఆ దినం నీకెట్లున్నదో నేను అడగనే లేదు. చెప్తవా?"

బ్యాండు మోత ఆగాక చెప్పింది. బస్టాండుకు పోవాలంటే నెలల తరబడి ఎలా వణికిందో, అమ్మ ముందు ఎలా తలెత్తలేకపోయిందో, బి.ఇడికి పంపమని ఎంతగా బతిమాలుకుందో. అతను అడ్డు రాలేదు.

"ఆ దినం బస్సెక్కకముందు నేనే నీకు చెప్దామనుకున్న," అంది చివరికి. "జర ఆగకపోతివి."

జయపాల్ తల దించుకున్నాడు. "నవల చివర్ల ఆమె దూరం పోతది కద," అన్నాడు.

"అది రాసినాయన ఇష్టం. నేను గద్వాలల్నే ఉన్న." ఆమె పెదవి చివర నవ్వు కదిలింది. "ఆదివారం ధరూర్ల మా ఇంటికి రా. అమ్మకు నీ మీద శాన కోపమున్నది. అననియ్యి. నడుమల మాట్లాడకు."

ఆదివారం ధరూర్‌లో సత్యమ్మ అతన్ని కడిగిపారేసింది. జయపాల్ కిక్కురుమనకుండా విన్నాడు. తిట్టి తిట్టి గొంతెండిపోయాక ఆమె కూతురి వైపు తిరిగింది.

"ఆ పిలగానికి రొట్టెలు పెట్టు. పొద్దుగూకుతున్నది."